మొద్దులు పీకి కరెంటు తీసిన ఫిన్లాండ్ కథ

జామాయిల్ ఆఖరి కోత అయిపోయాక చేలో మిగిలిన మొద్దులు చూస్తే మనందరిదీ ఒకటే లెక్క. పొక్లెయిన్ పెట్టి పీకించి, ఏ ఇటుక బట్టీకో తోలితే బాడుగ డబ్బులన్నా వస్తాయి కదా అని. ఈ లెక్క మనకంటే చాలా ముందే ఫిన్లాండ్, స్వీడన్ వాళ్లు వేశారు. ఏమైందో చెప్తా, వినండి.

అక్కడి పైన్ మొద్దుల్లో జిగురు ఎక్కువ. పాతకాలంలో వాటిని తవ్వి, గుంటల్లో కాల్చి, చెక్క ఓడలకు పూసే తారు తీసేవాళ్లు. చేత్తో తవ్వే పని, ఎన్నని తవ్వుతారు? 1970ల్లో యంత్రాలు దిగాయి. చమురు ధర మండింది, కాగితం మిల్లులకు కలప చాలదన్న భయమూ తోడైంది. అసలు జోరు మాత్రం 2000 తర్వాత ఫిన్లాండ్‌లోనే. బొగ్గు, చమురు తగ్గించి కట్టెతో కరెంటు, ఇళ్లకు వేడి ఇద్దామనుకున్నారు. స్ప్రూస్ మొద్దులు పీకి, చీల్చి, కుప్పలేసి, మట్టి వానకు కడుక్కుపోయేదాకా వదిలేసి తర్వాత తోలేవాళ్లు. 2010 దాటాక వాడకం ఏడాదికి 10 లక్షల ఘనమీటర్లు దాటింది.

లాభం లేదనను. స్ప్రూస్‌కి వేరుకుళ్లు తెగులు ఒకటుంది. అది పాత మొద్దుల్లో బతికి కొత్త మొక్కకు అంటుకుంటుంది. మొద్దు తీసిన చోట అది తగ్గింది, మొక్కలు నాటడమూ సులువైంది.

కానీ మొద్దు ఒక్కటే రాదు కదా! వేళ్లతోపాటు నేల తిరగబడుతుంది. పైనున్న సారం చెదిరి అడుగు మట్టి పైకొచ్చింది. ఆ ఉత్త మట్టిలో బర్చ్ మొక్కలు కలుపులా లేచాయి, అవి తీయించే కూలి అదనం. పైగా నరికేసిన అడవిలో మిగిలే ఎండుకలపలో ఎక్కువ భాగం ఆ మొద్దులే. వాటిమీద బతికే పెంకుపురుగులు, పుట్టగొడుగులు నీడ పోగొట్టుకున్నాయి. మొద్దు నేలలో చివికిపోవాలంటే పదుల ఏళ్లు పడుతుంది, అందులోని కార్బన్ అంత నిదానంగా గాలిలో కలుస్తుంది. బాయిలర్లో వేస్తే ఒక్క పూట. పర్యావరణానికి మంచిదని మొదలుపెట్టిన పని ఇది!

హెక్టారుకు కొన్ని మొద్దులు వదలమని సూచనలొచ్చాయి. అయినా శాస్త్రవేత్తల మాట ఒక్కటే అయితే ఆగేవాళ్లో లేదో. వేళ్లకు పట్టిన మట్టి, రాళ్లు యంత్రాల బ్లేడ్లు అరగదీశాయి, బాయిలర్ నిండా బూడిద. ఖర్చు కిట్టక కొన్నేళ్లకే వాడకం బాగా పడిపోయింది.

ఒక తేడా ఉందండోయ్. స్ప్రూస్ మొద్దు మళ్లీ చిగురించదు, మన జామాయిల్ పిలకలేస్తుంది. అందుకే మనకీ తగువు ఆఖరి కోత తర్వాతే. నేనైతే కాలవ గట్టు పక్క వరస వదిలేసి మిగతావే పీకిద్దామనుకుంటున్నా. మీలో ముందే పీకించినవాళ్లుంటే, గుంటలు పూడ్చాక మొదటి ఏడు పైరు ఎలా వచ్చిందో చెప్పండి.