పూలకుండీలో దాచిన డబ్బు

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ గురించి ఈవిడ రాయడమేమిటని నవ్వుకుంటున్నారా? నవ్వుకోండి. బంతి బుట్టలో పడితే పాయింట్లు వస్తాయన్నంత వరకే నాకా ఆట తెలుసు. కానీ 1949-50లో న్యూయార్క్ సిటీ కాలేజీ జట్టు కథ చదివాక రెండు మూడు రోజులు కూర తరుగుతున్నా అదే ఆలోచన. చదువుకుంటున్న పిల్లలున్న ఏ ఇంటికైనా సంబంధించిన కథ అనిపించి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ కాలేజీ గురించి చెప్పాలి. టౌన్‌సెండ్ హ్యారిస్ అనే ఆయన చొరవతో 1847లో మొదలైంది. అప్పుడు దాని పేరు ఫ్రీ అకాడమీ. పేరుకు తగ్గట్టే ఫీజు లేదు. 1976 దాకా అలాగే నడిచిందంటే చూడండి. 'ఫ్రీ సీటు' అన్న మాట మన ఇళ్లలో ఎలా పలుకుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఫీజు లేదు కదా అని అడిగినవాళ్లందరికీ సీటు ఇచ్చేవారు కాదు, హైస్కూల్లో మంచి మార్కులు రావాలి. తూర్పు యూరప్ నుంచి ఓడలెక్కి వచ్చి, కుట్టుమిషన్ల మీద బతుకు లాగిన యూదుల పిల్లలు ఎందరో అక్కడే చదివారు. పేరున్న పెద్ద కాలేజీలు చాలావరకు యూదు పిల్లల్ని లెక్కపెట్టి తీసుకునే రోజులవి. కాలేజీ ఉన్నది హార్లెమ్‌లో, అంటే నల్లవాళ్ల పేట పక్కనే.

జట్టు కూడా ఆ ఊరిలాగే ఉండేది. ఆట మొదలుపెట్టే ఐదుగురిలో ఎడ్ రోమన్, ఆల్ రాత్, ఇర్విన్ డాంబ్రోట్ యూదులు. ఎడ్ వార్నర్, ఫ్లాయిడ్ లేన్ నల్లవాళ్లు. వృత్తి ఆటగాళ్ల లీగు ఎన్‌బీఏలో అప్పటికి ఒక్క నల్లవాడు కూడా లేడు, ఆ ఏడాది చివర్లో గానీ రానివ్వలేదు. కోచ్ నాట్ హోల్మన్ కూడా వలస వచ్చిన యూదుల కొడుకే. తన కాలంలో పెద్ద ఆటగాడు.

సీజను మామూలుగానే సాగింది. పదిహేడు గెలుపులు, ఐదు ఓటములు. అప్పట్లో ఏటా రెండు పెద్ద పోటీలు జరిగేవి. ఒకటి న్యూయార్క్‌లో జరిగే ఎన్ఐటీ, రెండోది ఎన్‌సీఏఏ. ఎన్ఐటీ వాళ్లు పన్నెండు జట్లని పిలిస్తే చిట్టచివర పిలుపు వీళ్లకి. పెళ్లికి ముందు రోజు ఫోన్లో పిలిచినట్టన్నమాట. అలా వెళ్లినవాళ్లు ముందటేడు విజేత శాన్ ఫ్రాన్సిస్కోని ఓడించారు. తర్వాత కెంటకీ. అడాల్ఫ్ రప్ అనే మహా పేరున్న కోచ్ తయారుచేసిన జట్టది, అందరూ తెల్లవాళ్లే. ఆట మొదలయ్యే ముందు కెంటకీ పిల్లలు కొందరు వీళ్లతో చేయి కలపలేదని చెబుతారు. చివరికి స్కోరు 89-50. నాలాంటి దానికి కూడా ఆ అంకెలు చదివితే భలే సంతోషం వేసింది.

మార్చి 18న ఫైనల్లో బ్రాడ్లీ జట్టుని 69-61తో ఓడించారు. సరిగ్గా పదిరోజుల తర్వాత ఎన్‌సీఏఏ ఫైనల్లో మళ్లీ అదే బ్రాడ్లీ, ఈసారి 71-68. ఒకే ఏడాది రెండు కప్పులూ గెలిచిన జట్టు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. ఇప్పుడు ఒకే జట్టు రెండింట్లోనూ ఆడటానికి వీల్లేదు కాబట్టి ఇక ఉండబోదు కూడా.

ఇక్కడితో ఆగిపోతే ఎంత బావుండేది!

పందెం అంటే మనకి సంక్రాంతి కోళ్లు గుర్తొస్తాయి. కోడిని పిలిచి 'నువ్వు కాస్త మెల్లగా కొట్టు' అని చెప్పడం కుదరదు. పిల్లల్ని పిలిచి చెప్పొచ్చు. అప్పటి బాస్కెట్‌బాల్ పందెం ఎవరు గెలుస్తారన్న దాని మీద కాదు, ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తారన్న దాని మీద. బుకీలు సిటీ కాలేజీ పది పాయింట్ల తేడాతో గెలుస్తుందని లెక్క కట్టారనుకోండి. వీళ్లు ఆరు పాయింట్లతోనే గెలిస్తే, అటువైపు పందెం కాసినవాడికి డబ్బే డబ్బు. కాబట్టి ఆటగాళ్ల దగ్గరికి వచ్చినవాడు 'ఓడిపోండి' అనక్కర్లేదు. 'గెలవండి నాయనా, కాకపోతే కాస్త తక్కువ తేడాతో గెలవండి' అంటే చాలు.

నేను రోజులతరబడి ఆలోచించింది ఈ ఒక్క ముక్క గురించే. 'దొంగతనం చెయ్యి' అంటే మన పిల్లలు ఛీ అంటారు, అంతమాత్రం పెంపకం మనం ఇచ్చే ఉంటాం. కానీ ఎవరూ ఆ మాటతో రారు. కాలేజీకి కప్పు వస్తుంది, స్నేహితులు సంతోషిస్తారు, ఎవరికీ నష్టం లేదు, మీ చేతికి కాస్త డబ్బు, అంటారు. ఒక్కో ఆటకి పదిహేను వందల డాలర్ల దాకా ఆశ చూపించారు. సాల్వటోర్ సొలాజో అనే నగల వ్యాపారి వెనకుండి నడిపించాడు. అయితే పిల్లల దగ్గరికి మాటలు మోసినవాడు ఎడ్డీ గార్డ్, వేరే కాలేజీలో ఆడిన కుర్రాడు, వీళ్ల ఈడువాడే. ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి వస్తే పిల్లలు భయపడతారు. తోటివాడు వస్తే టీ తాగుతూ వింటారు.

అసలు ఆ అలవాటు అంతకుముందే మొదలైందట. వేసవి సెలవుల్లో ఈ ఆటగాళ్లు క్యాట్‌స్కిల్ కొండల్లోని హోటళ్లలో బల్లలు తుడిచే పనికి, వడ్డించే పనికి వెళ్లేవారు. సాయంత్రాలు అతిథుల వినోదానికి బాస్కెట్‌బాల్ ఆడేవారు. మొత్తం స్కోరు ఎంతవుతుందో అని అతిథులు చిల్లర పందేలు వేసుకునేవారు. అందరూ నవ్వుతూ చేసే పనే. మన దగ్గర ఐపీఎల్ రోజుల్లో ఫోనులో యాభై రూపాయలు పెట్టి చూడరా అనే స్నేహితుడు కూడా నవ్వుతూనే అంటాడు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. చట్టం చట్టమే, ఫోను ఫోనే.

'కాస్త తక్కువ తేడా' ఎక్కువ రోజులు నిలవలేదు. 1950-51 సీజన్లో మిస్సోరీ, అరిజోనా, బోస్టన్ కాలేజీ జట్ల చేతిలో వీళ్లు ఓడిపోయారు. ఆ మూడు ఆటలే తర్వాత కేసుకెక్కాయి. పట్టూ విడుపూ చూసి ఆడదామనుకుంటే ఆట చేతిలోంచి జారిపోతుంది కదా మరి.

సంగతి బయటపడటానికి కారణం జూనియస్ కెలాగ్. మాన్‌హట్టన్ కాలేజీ జట్టులో ఆడిన మొదటి నల్ల కుర్రాడు. 1951 జనవరిలో ఆ జట్టు పాత ఆటగాడొకడు వచ్చి వెయ్యి డాలర్లు ఇస్తానన్నాడు. కెలాగ్ తిన్నగా వెళ్లి కోచ్‌కి చెప్పాడు. కోచ్ దాచిపెట్టకుండా పైకి చేరవేశాడు. నాకు కెలాగ్ మీద ఎంత గౌరవమో, ఆ కోచ్ మీదా అంతే. పిల్లాడు వచ్చి చెప్పినప్పుడు 'నీకెందుకురా ఈ గొడవ' అనని పెద్దవాళ్లు దొరకడం కూడా అదృష్టమే.

ఫిబ్రవరిలో సిటీ కాలేజీ జట్టు ఫిలడెల్ఫియాలో ఒక ఆట గెలిచి రైల్లో తిరిగొస్తుంటే, జిల్లా అటార్నీ ఫ్రాంక్ హోగన్ పంపిన డిటెక్టివ్‌లు వార్నర్‌ని, రోమన్‌ని, రాత్‌ని పట్టుకున్నారు. కొన్నాళ్లకి లేన్ వంతు వచ్చింది. బ్రాంక్స్‌లో తన ఇంటికి తీసుకెళ్లి, పడకగదిలోని పూలకుండీ చూపించాడు. మట్టిలో 2,890 డాలర్లు ఉన్నాయి.

మనం బియ్యం డబ్బాలో, పోపుల పెట్టెలో దాచుకుంటాం. అది ఇంట్లో వాళ్లకి తెలియకుండా ఇంటికోసమే దాచే డబ్బు, ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ ఇంట్లోకే వస్తుంది. లేన్ దగ్గర అంత డబ్బూ దాదాపు చెక్కుచెదరకుండా ఉండిపోయింది. ఖర్చుపెడితే ఎక్కడిదని అడుగుతారు. తిరిగి ఇద్దామంటే తీసుకునేవాడు లేడు. ఆ కుండీ పక్కనే పడుకుని ఆ కుర్రాడు ఎలా నిద్రపోయాడా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కెంటకీ కోచ్ రప్ తన పిల్లల్ని జూదగాళ్లు పదడుగుల కర్రతో కూడా తాకలేరన్నాడు. అదే ఏడాది అక్టోబరులో ఆయన పాత ఆటగాళ్లు కూడా అరెస్టయ్యారు. మొత్తం ఏడు కాలేజీల ఆటగాళ్లు ముప్పై మందికి పైగా తేలారు. సొలాజోకి ఎనిమిది నుంచి పదహారేళ్ల శిక్ష పడింది. సిటీ కాలేజీ కుర్రాళ్లలో చాలామందికి శిక్ష నిలిపేశారు గానీ, వార్నర్ మాత్రం ఆరు నెలల జైలుకి వెళ్లాడు. ఎన్‌బీఏ తలుపులు అందరికీ మూసుకుపోయాయి.

తప్పు చేసిన చేతిని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వేలమంది టిక్కెట్లు కొని చూసేవారు. ఆ డబ్బులో పైసా కూడా ఆడిన పిల్లలకి రాదు. జూదగాళ్లు దర్జాగా అదే హాల్లో కూర్చునేవారు. కొందరు ఆటగాళ్లకి సీటు ఇప్పించడానికి హైస్కూలు మార్కులే దిద్దారని తర్వాత విచారణలో తేలింది. ఆ దిద్దిన చేతులు పెద్దవాళ్లవే కదా. హోల్మన్‌ని 1952లో సస్పెండ్ చేసి, 1954లో మళ్లీ తీసుకున్నారు. పిల్లలకి అలాంటి రెండో పిలుపు అంత తొందరగా రాలేదు.

రోమన్ మళ్లీ పుస్తకాలు పట్టి సైకాలజీలో డాక్టరేట్ దాకా చదివాడు. లేన్ బ్రాంక్స్‌లో పేటల్లోని పిల్లలకి ఆట నేర్పుతూ ఉండిపోయాడు. అలా ఆయన చేయిపట్టి నడిపించిన వాళ్లలో నేట్ ఆర్చిబాల్డ్ ఒకడు, తర్వాత ఎన్‌బీఏలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 1974లో సిటీ కాలేజీ వాళ్లు లేన్‌ని పిలిచి జట్టు అప్పగించారు. అప్పటికి ఆ జట్టు గార్డెన్ లాంటి పెద్ద హాళ్లలో ఆడటం మానేసి చాలా ఏళ్లయింది. కాలేజీ మాత్రం ఇంకా ఫీజు లేకుండానే నడుస్తోంది, ఇంకో రెండేళ్లే అయినా.