ఇన్సులిన్ సూది పొట్టిదైన కథ



చక్కెర వ్యాధి ఈ రోజుల్లో మన ఇళ్ళకు కొత్త చుట్టమేమీ కాదు. అత్తగారికో, మామగారికో, ఒక్కోచోట బడికి వెళ్ళే పిల్లవాడికో రోజూ ఇన్సులిన్ ఇవ్వవలసి వస్తోంది. ఆ సూది పొడిచే పని ఎక్కువగా ఇల్లాలి మీదే పడుతుంది. మందుల దుకాణానికి వెళ్ళి సూదులు అడిగితే "ఎంత పొడవువి కావాలమ్మా? నాలుగా, ఆరా, ఎనిమిదా?" అంటాడు అక్కడి అబ్బాయి. "ఏదో ఒకటి ఇవ్వు నాయనా" అని తెచ్చేసుకునేవాళ్ళున్నారు. "మనిషి కాస్త లావు, పెద్దదే ఇవ్వు" అనేవాళ్ళూ ఉన్నారు. ఆ నాలుగు, ఆరు, ఎనిమిది అనే మిల్లీమీటర్ల వెనుక నూరేళ్ళ చరిత్ర ఉందండీ. ఈ వేళ ఆ సంగతి చెప్పుకుందాం.

బోలుగా ఉండే సూదికి పిచికారీ తగిలించి మందు ఎక్కించడం 1853 నాటి మాట. స్కాట్లండులో అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్సులో చార్లెస్ ప్రవాజ్ ఎవరి పాటికి వారు ఆ పని చేశారు. ఇన్సులిన్ రావడానికి మరో డెబ్భై ఏళ్ళు పట్టింది. 1921లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో, ప్రొఫెసర్ మెక్లాయిడ్ ప్రయోగశాలలో, బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు యువకులు కుక్కల క్లోమం నుంచి దాన్ని తీశారు. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడికి మొదటి సూది వేశారు. మందు శుభ్రమైనది కాకపోవడంతో గుణం కనబడలేదు సరికదా, పొడిచిన చోట గడ్డ లేచింది. కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దాన్ని శుద్ధి చేశాక, జనవరి 23 నుంచి మళ్ళీ మొదలుపెడితే పిల్లవాడు తేరుకున్నాడు.

అదే ఏడాది ఆగస్టులో ఎలిజబెత్ హ్యూస్ అనే అమ్మాయిని తల్లి అమెరికా నుంచి టొరంటోకు తీసుకువెళ్ళింది. తండ్రి అమెరికా విదేశాంగ మంత్రి. ఎంత ఉంటే ఏం లాభం? పదిహేనేళ్ళు నిండబోతున్న పిల్ల 45 పౌండ్లుంది, అంటే మన లెక్కలో 20 కిలోలు. ఇన్సులిన్ పుణ్యమా అని ఆమె పెరిగి, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, 1981లో 73వ ఏట పోయింది. ఈలోగా ఆమె పొడుచుకున్న సూదులు నలభై వేల పైమాటే! ఇన్సులిన్ మింగితే కడుపులో అరిగిపోతుంది కాబట్టి పొడుచుకోక తప్పదు. నలభై వేల సార్లు ఒంట్లోకి దిగే వస్తువు ఎలా ఉండాలో ఆలోచించవద్దా మరి?

చాలాకాలం పాటు దాని పొడవు గురించి ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఇన్సులిన్ కోసం ప్రత్యేకమైన సిరంజి 1924లోనే వచ్చింది. గాజు పిచికారీ, ఉక్కు సూది. వాడిన ప్రతిసారీ మరగబెట్టాలి. మొన మొద్దుబారితే సానరాయి మీద నూరుకోవాలి. మన వీధి చివర కాంపౌండరుగారు స్టవ్వు మీద సూదులు మరగబెట్టడం మనలో చాలామంది చిన్నప్పుడు చూసినదే, చూసి మంచం కింద దాక్కున్నదే. ఇన్ని మరుగులకూ ఇన్ని సానలకూ తట్టుకోవాలంటే సూది దిట్టంగా ఉండాలి. అర అంగుళం, ఆపైన పొడవు మామూలు. అంతేగాని చర్మం ఎంత మందమో కొలిచి చేసిన సూది కాదది.

ఇక్కడ అసలు కిటుకు చెప్పుకోవాలి. పైన చర్మం, దాని కింద కొవ్వు పొర, ఆ కింద కండ. ఇన్సులిన్ చేరవలసింది మధ్యనున్న కొవ్వులోకి. అక్కడినుంచి అది నిదానంగా రక్తంలో కలుస్తుంది. కండలో రక్త ప్రసారం ఎక్కువ. సూది కండలోకి దిగితే మందు గబగబా లాగేసుకుంటుంది. ఆ తరువాత మనిషి నాలుగడుగులు నడిచాడా, మరీ తొందరగా లాగేస్తుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. మర్నాడు సూది కొవ్వులోనే ఆగితే ఆ లెక్క వేరు. ఇంట్లో వంట మారలేదు, మందు మోతాదు మారలేదు, సుగరు మాత్రం ఒక పూట పాతాళం, ఒక పూట ఆకాశం. అప్పుడేం చేస్తాం? "దొంగచాటుగా లడ్డూ తిన్నారా?" అని ఆ పెద్దావిడను నిలదీస్తాం. తప్పు లడ్డూది కాకపోవచ్చు, సూదిది కావచ్చు.

వైద్యులు పాత రోజుల్లోనే చర్మాన్ని వేళ్ళతో మడత పట్టి, సూదిని వాలుగా దింపమనేవారు. అయినా సన్నటివాళ్ళ సంగతి ఏమిటి? 1986లో స్వీడన్ వైద్యులు అలాంటి రోగులకు సి.టి. స్కాన్ తీసి చూశారు. తొడ దగ్గరా అక్కడా కొవ్వు పొర ఎంతో పలచగా ఉందనీ, చాలామంది తమకు తెలియకుండానే కండలోకి పొడుచుకుంటూ ఉండవచ్చుననీ తేలింది. అప్పటికి ఏడాది ముందే, 1985లో, ఇన్సులిన్ పెన్ను వచ్చింది. చూడటానికి రాసుకునే పెన్నులాగే ఉంటుంది. దానికి తగిలించే సూదులు ఒక్కసారి వాడి పారవేసేవి కాబట్టి సానల బాధ లేదు, సన్నగా, పొట్టిగా చేయవచ్చు. 1990లలో 8 మిల్లీమీటర్లవి, తరువాత 5 మిల్లీమీటర్లవి, 2010లో 4 మిల్లీమీటర్లవి వచ్చాయి. నాలుగు అంటే ఇంచుమించు పెసరగింజంత.

ఆ 2010లోనే అమెరికాలో 388 మంది చక్కెర రోగుల చర్మాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచారు. వాళ్ళలో సన్నగా ఉన్నవారున్నారు, మహా లావుపాటివారున్నారు. పొట్ట, తొడ, చెయ్యి, పిరుదు ఎక్కడ కొలిచినా చర్మం సగటున రెండు, రెండున్నర మిల్లీమీటర్ల లోపే. లావైనవాళ్ళకు కొవ్వు పెరుగుతుందిగాని, చర్మం అంతగా మందం కాదు. ఆ పలచని చర్మం దాటితే చాలు, సూది కొవ్వులోనే ఉంటుంది. కాబట్టి "లావు మనిషికి పెద్ద సూది" అన్నది నిలబడని మాట. 2015లో రోము నగరంలో 54 దేశాల నిపుణులు 183 మంది కూడి, పెద్దలకూ పిల్లలకూ, సన్నవారికీ లావువారికీ 4 మిల్లీమీటర్ల పెన్ను సూదే క్షేమమని నిర్ణయించారు. నిటారుగా దింపితే సరిపోతుంది. ఆరేళ్ళ లోపు పిల్లలకూ, మరీ బక్కపలచని పెద్దలకూ మాత్రం చర్మం మడత పట్టాలన్నారు.

డబ్బా మీద 31, 32 అని మరో అంకె ఉంటుంది. అది పొడవు కాదు, లావు. నేత చీరల్లో నూలు నంబరు పెరిగిన కొద్దీ దారం సన్నమైనట్టే, ఇక్కడా అంకె పెరిగితే సూది సన్నం.

పెన్ను లేకుండా సీసాలోంచి తీసి ఇచ్చే ఇళ్ళు మన దగ్గర ఎన్నో. సీసా రబ్బరు మూత దాటాలి కనుక ఆ సిరంజిలకు 6 మిల్లీమీటర్ల కంటె పొట్టి సూది పనికిరాదు. 6, 8 రెండూ దొరికితే ఆరే అడగండి. సన్నటి మనిషికైతే దానితో కూడా మడత పట్టి, వాలుగా ఇవ్వాలి. అన్నట్టు, 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లదానికి నారింజ రంగు మూతది. ఇవి తారుమారైతే సూది పొడవు ఎంత సరిగ్గా ఉన్నా ప్రమాదమే.

ఏళ్ళ తరబడి పెద్ద సూదికి అలవాటుపడినవారిని మార్చేటప్పుడు డాక్టరుగారితో చెప్పి మార్చండి. మొదట్లో కొన్నాళ్ళు సుగరు తరచుగా చూస్తూ ఉండాలి. పొట్టి సూది అయితే మందు బయటకు కారిపోతుందని కొందరి భయం. పెన్ను మీట పూర్తిగా నొక్కాక, సూదిని లోపలే ఉంచి, నిదానంగా పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు తీయండి. చుక్క బయట కనబడితే చాలాసార్లు అది తొందరపడి తీసినందువల్లే.