అసలుతనానికి వెల: ఫెండర్ బేస్ గిటార్లు, యాంప్లిఫయర్ల క్రయవిక్రయ చరిత్ర (1951–2019)

వ్యాససంగ్రహం: 1951లో అమెరికాలో తయారైన ఫెండర్ ప్రెసిషన్ బేస్ కర్మాగారపు పనిముట్టుగా పుట్టింది. దాని ఏ భాగం పాడైనా విప్పి మరొకటి బిగించుకోవచ్చన్నది దాని నిర్మాణసూత్రం. నేటి పాత వాయిద్యాల విపణి మాత్రం ఏ భాగమూ మార్చని వాయిద్యానికే అత్యధిక మూల్యం చెల్లిస్తోంది. ఈ వైరుధ్యం ఎలా ఏర్పడిందో, ‘అసలుతనం’ అనే ప్రమాణాన్ని ఎవరు ఏ ఆధారాలతో నిర్మించారో, అదే ప్రమాణం యాంప్లిఫయర్ల విషయంలో ఎందుకు నిలవలేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బేస్ గిటారు, యాంప్లిఫయర్, ఫెండర్, సి.బి.ఎస్., అసలుతనం, కాలనిర్ణయం, విపణి.

1. ఉపోద్ఘాతం

వాయిద్యాల చరిత్ర సాధారణంగా వాటిని సృష్టించినవారి చరిత్రగానో, వాయించినవారి చరిత్రగానో వెలువడుతుంది. ఆ వాయిద్యం చేతులు మారిన తీరు, ప్రతి మార్పులోనూ దాని వెలను నిర్ణయించిన వాదాలు చరిత్రకారుల దృష్టికి తక్కువగా వచ్చాయి. నిజానికి ఒక వస్తువును సమాజం ఏ దృష్టితో చూసిందో తెలిపే గట్టి సాక్ష్యాలలో బేరసారాలు ఒకటి. కొనుగోలుదారు ఏమి అడిగాడు, అమ్మకందారు ఏమి దాచాడు, ఏ లోపానికి ఎంత తగ్గించారు అన్న ప్రశ్నలకు సమాధానం దొరికిన చోట ఆనాటి విలువల పట్టిక కూడా దొరుకుతుంది. బేస్ గిటారు ఇందుకు అనువైన ఉదాహరణ. దాని వయస్సు ఏడు దశాబ్దాలే కాబట్టి పనిముట్టు స్థితి నుండి పురావస్తు స్థితికి అది చేసిన ప్రయాణాన్ని మొదటి నుండి చివరి వరకు గమనించవచ్చు.

2. విప్పి బిగించే వాయిద్యం

విద్యుత్ బేస్ ఆలోచన ఫెండర్‌తో మొదలు కాలేదు. 1930ల ద్వితీయార్ధంలోనే సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్ ఆడియోవాక్స్ పేరుతో ఫ్రెట్లు గల విద్యుత్ బేస్‌ను తయారుచేశాడు. అది విస్తృతంగా అమ్ముడుపోలేదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మతు దుకాణం నడిపిన లియో ఫెండర్ 1951 చివర ప్రెసిషన్ బేస్‌ను విపణిలోకి తెచ్చాడు. తొలి ధర 199 డాలర్ల 50 సెంట్లు. నిలువెత్తు డబుల్ బేస్‌ను కారులో తరలించడం కష్టం. ఇత్తడి వాయిద్యాల హోరులో దాని నాదం వినబడదు. మెడపై గుర్తులు లేనందున స్వరస్థానం తప్పే ప్రమాదం ఎక్కువ. ఫ్రెట్లు ఈ మూడవ ఇబ్బందిని తీర్చాయి. ‘ఖచ్చితత్వం’ అనే అర్థం గల పేరు దానికి అందుకే వచ్చింది.

లియో ఫెండర్ వాయిద్యకారుడు కాడు, మరమ్మతు నేర్చినవాడు. ఆ దృష్టే నిర్మాణంలో కనిపిస్తుంది. వయొలిన్ కుటుంబపు వాయిద్యాలలో మెడను జిగురుతో అతికిస్తారు. ప్రెసిషన్ బేస్‌లో మెడను నాలుగు మరలతో దేహానికి బిగించారు. ఫ్రెట్లు అరిగిపోతే మెడ మొత్తాన్నే మార్చవచ్చు. పికప్, వంతెన, శబ్దనియంత్రణ మీటలు అన్నీ విడివిడి భాగాలే. 1954లో దేహపు అంచులను ఒంటికి అనువుగా చెక్కారు, 1957లో పికప్‌ను రెండు ముక్కలుగా తిరిగి రూపొందించారు, 1960లో జాజ్ బేస్ వచ్చింది. తయారీదారు దృష్టిలో ప్రతి కొత్త రూపం పాతదానికి సవరణే. పాత వాయిద్యం కొత్తదానికంటె మేలైనదనే భావన ఆ కర్మాగారపు తర్కంలో లేదు.

3. 1965: ఒక విక్రయం, ఒక యుగవిభజన

1965 జనవరిలో లియో ఫెండర్ తన సంస్థను కొలంబియా బ్రాడ్‌కాస్టింగ్ సిస్టమ్, అంటే సి.బి.ఎస్.కు 1.3 కోట్ల డాలర్లకు విక్రయించాడు. తరువాతి ఏళ్లలో ఉత్పత్తి పెరిగింది. నైట్రోసెల్యులోజ్ లక్క స్థానంలో 1960ల చివర మందపాటి పాలియెస్టర్ పూత వచ్చింది. 1970లలో చాలా వాయిద్యాలు బరువెక్కాయి. ఆ దశాబ్దపు మధ్యకాలంలో జాజ్ బేస్ మెడను నాలుగు మరలకు బదులు మూడింటితో బిగించసాగారు. వాయిద్యకారులలో అసంతృప్తి పెరిగింది. పాత వాయిద్యాలను వెదికి కొనే అలవాటు బలపడింది.

ఆ క్రమంలో ‘ప్రీ-సి.బి.ఎస్.’ అనే మాట విపణి పరిభాషగా స్థిరపడింది. రాజవంశాల పేర్లతో యుగవిభజన చేసే చరిత్రరచనలో ఎదురయ్యే సమస్యే ఇక్కడా ఉంది. సింహాసనం ఒక్కరోజులో చేతులు మారవచ్చు, కాని పొలం దున్నే పద్ధతి ఆ రోజే మారదు. విక్రయానికి ముందు తయారైన భాగాలు ఆ తరువాత కూడా బిగింపుకు వెళ్లాయి. పూత, బరువు, మరల మార్పులు ఒక దశాబ్దం పొడవునా ఒక్కొక్కటిగా వచ్చాయి. నాణ్యతలో మార్పు క్రమంగా జరిగింది. విపణి గీసిన గీత మాత్రం ఒక తేదీ దగ్గరే ఉంది. శ్రవణశక్తి కంటె చట్టపరమైన యాజమాన్యం వెలను ఎక్కువగా శాసించిన సందర్భమిది.

లియో ఫెండర్ మాత్రం తన పాత రూపాల దగ్గర ఆగిపోలేదు. 1976లో మ్యూజిక్ మ్యాన్ సంస్థ ద్వారా బ్యాటరీతో పనిచేసే అంతర్గత ప్రీయాంప్ గల స్టింగ్‌రే బేస్‌ను తెచ్చాడు. ఆ తరువాత జి అండ్ ఎల్ సంస్థలో 1991లో మరణించేవరకు పికప్‌లను, వంతెనలను సవరిస్తూనే ఉన్నాడు. సృష్టికర్త ముందుకు నడిచాడు. అతని పేరు మీద వెల కట్టిన విపణి వెనుకకు నడిచింది.

4. కాలనిర్ణయ శాస్త్రం

తేదీయే వెల అయినప్పుడు తేదీని నిర్ధారించే విద్య అవసరమవుతుంది. ఫెండర్ క్రమసంఖ్యలు వరుసగా నడవవు. పలకలను పెట్టె నుండి చేతికందినట్లు తీసి బిగించడంతో ముందుసంఖ్య గల వాయిద్యం తరువాత తయారై ఉండవచ్చు. అందుచేత పరిశీలకులు మెడను విప్పి, దాని మడమపై పెన్సిలుతో రాసిన లేక ముద్రించిన తేదీని చూస్తారు. అది మెడ పూర్తయిన తేదీ మాత్రమే. వాయిద్యం బిగింపు తేదీ కాదు.

మరొక ఆధారం శబ్దనియంత్రణ మీట వెనుక ముద్రించిన సంఖ్య. ఉదాహరణకు 3046142 అని ఉంటే మొదటి మూడంకెలు స్టాక్‌పోల్ అనే తయారీసంస్థను, తరువాతి రెండు 1961ని, చివరి రెండు ఆ ఏడాది 42వ వారాన్ని సూచిస్తాయి. వాయిద్యం ఆ వారం కంటె ముందుది కాజాలదని మాత్రమే దీనివల్ల తేలుతుంది. ఎంత తరువాతిదో తేలదు. 1966లో పెద్దమొత్తంలో తెచ్చిన మీటలను ఫెండర్ కర్మాగారం ఆపై కొన్నేళ్లపాటు వాడింది. కాబట్టి 1966 ముద్ర గల మీట 1960ల చివరి వాయిద్యంలో ఉండడం సహజం.

తామ్రశాసనాలను పరీక్షించే లిపిశాస్త్రజ్ఞులకు ఈ పద్ధతి కొత్తది కాదు. శాసనంలోని తేదీ, లిపి, రాజు పేరు పరస్పరం పొసగకపోతే అది కూటశాసనమేమోనని అనుమానిస్తారు. ఇక్కడా మడమ తేదీ, మీట సంఖ్య, పూత స్వభావం, తీగల కలయిక వద్ద కదలని సీసపు అతుకు ఒకదానికొకటి సాక్ష్యమివ్వాలి. లేనిపక్షంలో వెల పడిపోతుంది. దేహానికి మళ్లీ రంగు వేస్తే వెల సుమారు సగానికి తగ్గుతుందన్నది వ్యాపారులలో చిరకాలంగా ఉన్న లెక్క. నాదంలో సగం పోయిందని దీని అర్థం కాదు. సాక్ష్యం చెరిగిపోయినందుకు చెల్లించే పరిహారం అది.

ఈ విద్య మౌఖిక దశ నుండి గ్రంథస్థ దశకు చేరడం ముఖ్యమైన మలుపు. నాష్‌విల్‌లో 1970లో దుకాణం తెరిచిన జార్జ్ గ్రూన్, వాల్టర్ కార్టర్‌తో కలసి 1991లో పాత గిటార్ల గుర్తింపుపై మార్గదర్శిని ప్రచురించాడు. 1986 నుండి ‘వింటేజ్ గిటార్’ పత్రిక వెలువడుతోంది. అమ్మకందారే ప్రమాణాలను రాసే పరిస్థితి ఇది. ఈ గ్రంథాలు విలువైన ఆకరాలే అయినా, వెల నుండి వేరుపడిన తటస్థ సాక్ష్యాలు కావని పరిశోధకులు గుర్తించాలి.

5. తయారీదారే తన గతంతో పోటీపడడం

1982లో ఫెండర్ సంస్థ 1957, 1962 నాటి రూపాలకు పునర్నిర్మాణాలను ప్రకటించింది. అదే ఏడాది జపాన్‌లో ఫెండర్ జపాన్ ఏర్పడింది. స్క్వయర్ పేరు తక్కువ ధర వాయిద్యాలకు వచ్చింది. జపాన్ కర్మాగారాలు చేస్తున్న నకళ్లు అమెరికా సరకుతో పోటీపడే స్థాయికి చేరడమే ఇందుకు నేపథ్యం. 1985లో విలియం షుల్ట్జ్ నేతృత్వంలోని ఉద్యోగుల బృందం సంస్థను సి.బి.ఎస్. నుండి 1.25 కోట్ల డాలర్లకు కొన్నది. ఫుల్లర్టన్ కర్మాగారం ఆ ఒప్పందంలో లేదు. ఇరవై ఏళ్ల ద్రవ్యోల్బణం తరువాత కూడా సంస్థ వెల 1965 నాటి అంకెను అందుకోలేదు. ఆ సంస్థ పాత వాయిద్యాలు మాత్రం అదే కాలంలో ప్రియమవుతూ వచ్చాయి.

1990ల మధ్య నుండి ఫెండర్ కస్టమ్ షాప్ ‘రెలిక్’ పేరుతో, కావాలనే గీతలు పెట్టి అరగదీసిన కొత్త వాయిద్యాలను అమ్ముతోంది. వాడుక వల్ల కలిగే అరుగుదల ఒకనాడు బేరంలో ధర తగ్గించే లోపం. ఇప్పుడది అదనపు ధర గల పనితనమైంది.

6. యాంప్లిఫయర్లు: భిన్నమైన న్యాయం

ఇదే న్యాయం యాంప్లిఫయర్లకు పూర్తిగా వర్తించలేదు. 1952లో ఫెండర్ తెచ్చిన బాస్‌మన్ యాంప్లిఫయర్ పేరుకు బేస్ కోసమే. 1950ల మధ్యలో నాలుగు పదంగుళాల స్పీకర్లతో వచ్చిన రూపాన్ని మాత్రం గిటారు వాద్యకులు సొంతం చేసుకున్నారు. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో రూపొందిన జె.టి.ఎమ్. 45కు ఈ బాస్‌మన్ విద్యుత్పథమే ఆధారం. పాత బాస్‌మన్ వెలను నేడు నిర్ణయిస్తున్నది బేస్ వాద్యకులు కాదు.

బేస్ వాద్యకుల అవసరానికి ఆంపెగ్ సంస్థ సమాధానమిచ్చింది. 1960లో వచ్చిన బి-15 పోర్టాఫ్లెక్స్ సుమారు 25 వాట్లది. దాని వాల్వుల భాగాన్ని తలక్రిందులుగా తిప్పి స్పీకర్ పెట్టెలోనే దాచవచ్చు. 1969 నాటి ఎస్.వి.టి. 300 వాట్లది. ఈ అంకెలను పోల్చడంలో కొనుగోలుదారులు తరచు పొరబడతారు. 30 వాట్ల నుండి 300 వాట్లకు పెరిగితే శబ్దస్థాయి 10 డెసిబెల్‌లు మాత్రమే పెరుగుతుంది. చెవికి అది పదింతలుగా కాక సుమారు రెండింతలుగా తోస్తుంది. నాలుగు తీగల బేస్‌లోని అతిమంద్ర స్వరం సుమారు 41 హెర్ట్జ్ కాబట్టి, దానిని పలికించడంలో స్పీకర్ల వైశాల్యం, పెట్టె పరిమాణం వాట్లతో సమానంగా లెక్కకు వస్తాయి. ఎస్.వి.టి.కి ఎనిమిది స్పీకర్ల పెట్టెలు జతచేయడానికి కారణమిదే.

యాంప్లిఫయర్‌లో వాల్వులు అరిగిపోతాయి, విద్యుద్విశ్లేష్య కెపాసిటర్లు ఎండిపోతాయి. పాత అమెరికా యాంప్లిఫయర్లకు ఉన్న రెండు తీగల కరెంటు వైరులో భూసంధానం ఉండదు. తాకినవారికి విద్యుదాఘాతం కలగవచ్చు. అందువల్ల కఠినమైన సేకర్తలు కూడా ఇక్కడ మార్పును అంగీకరిస్తారు. బరువు మరో కారణం. తొలి ఎస్.వి.టి. తలపెట్టె ఒక్కటే 35 కిలోలకు పైబడి ఉంటుంది. క్లాస్-డి విధానంలో వచ్చిన ఆధునిక తలపెట్టెలు కొన్ని కిలోలలోనే ఆ శక్తిని ఇస్తున్నాయి. గిటారు భుజాన వేలాడుతుంది, యాంప్లిఫయర్‌ను మెట్లమీదుగా మోయాలి. మోసేవాడి నడుము కూడా వెల నిర్ణయించే కారకమే.

7. సరిహద్దులు దాటే కలప

అసలుతనం చివరకు అంతర్జాతీయ చట్టం పరిధిలోకి వచ్చింది. 1959 నుండి ఫెండర్ బేస్‌ల వేలిపలకలకు రోజ్‌వుడ్ వాడారు. తొలుత వాడింది బ్రెజిల్ రోజ్‌వుడ్. 1960లలో దాని స్థానాన్ని భారతీయ రోజ్‌వుడ్ ఆక్రమించింది. తెలుగునాట జిట్రేగి, ఇరుగుడు అని పిలిచే వృక్షమే ఇది. 1992లో బ్రెజిల్ జాతిని అంతరించే జాతుల వాణిజ్యంపై ఒప్పందపు మొదటి అనుబంధంలో చేర్చారు. 2017 జనవరి నుండి డాల్బెర్జియా ప్రజాతి అంతా ఆంక్షలలోకి వచ్చింది. 2019 నవంబరులో రెండవ అనుబంధపు కలపతో పూర్తయిన వాయిద్యాలకు మినహాయింపు లభించింది. బ్రెజిల్ కలపకు ఆ సడలింపు లేదు. వేలిపలక మార్చని 1962 నాటి బేస్‌ను దేశం దాటించాలంటే అనుమతిపత్రం కావాలి. వెల పెంచిన అసలుతనమే అమ్మకానికి అడ్డంకి అయింది.

8. ఉపసంహారం

ఈ పరిశీలనకు ఒక ప్రతిఉదాహరణ ఉంది. జాకో పాస్టోరియస్ తన 1962 నాటి జాజ్ బేస్ నుండి ఫ్రెట్లను తొలగించి, వేలిపలకపై పడవలకు వాడే ఎపాక్సీ పూశాడు. విపణి ప్రమాణం ప్రకారం అది చెడగొట్టిన వాయిద్యం. 1986లో దొంగతనానికి గురై, దశాబ్దాల తరువాత బయటపడిన ఆ బేస్‌ను నేడు అతి విలువైన వాటిలో ఒకటిగా పరిగణిస్తున్నారు. వాద్యకుని పేరు తెలిసినప్పుడు మార్పు చరిత్ర అవుతుంది. తెలియనప్పుడు అది లోపం. పేరు నమోదు కాని వేలాది వాద్యకులు తమ జీవనోపాధి కోసం మార్చిన మెడలు, తిరిగి వేసిన రంగులు ఈ న్యాయం కింద సాక్ష్యహోదాను కోల్పోయాయి. పెట్టెలో మూసి ఉంచి వాడనిదే మేలైన వాయిద్యంగా మిగిలింది.

కాబట్టి విపణి భద్రపరచిన వాయిద్యాల నుండి సంగీత చరిత్రను నిర్మించేవారు ఈ ఎంపికలోని పక్షపాతాన్ని లెక్కించాలి. ఎక్కువ మోగిన వాయిద్యమే ఎక్కువ అరిగింది, ఎక్కువ మరమ్మతు పొందింది, తక్కువ వెల పలికింది. మద్రాసు స్టూడియోలలో తెలుగు చలనచిత్ర గీతాలకు మంద్రనాదం సమకూర్చిన బేస్ గిటార్ల చరిత్రను రాయదలచినవారికీ ఇదే వర్తిస్తుంది. అక్కడ వెదకవలసింది చెక్కుచెదరని వాయిద్యాన్ని కాదు. అతుకులు, మార్చిన భాగాలు, మరమ్మతుదారుల జ్ఞాపకాలే అసలైన ఆకరాలు.