ఉష్ణ నిరోధక సిరామిక్ పూతలు: మలినాల ప్రభావం

గ్యాస్ టర్బైన్ బ్లేడ్లకు వేడి తగలకుండా వేసే పూతల్లో ప్రధానమైనది బరువులో 7-8 శాతం యిట్రియా కలిపిన జిర్కోనియా. దాని ముడిపొడిలో సిలికా ఒక శాతంలోపు ఉన్నా చేటే. రేణువుల సరిహద్దుల్లో గాజులా చేరి యిట్రియాను తనలోకి లాగేసుకుంటుంది. సూక్ష్మరంధ్రాలు పూడి పూత బిరుసెక్కుతుంది, వేడెక్కి చల్లారే క్రమంలో పెచ్చులూడుతుంది. బ్లేడు లోహంలోని గంధకం ఇంకా మొండిది: పది లక్షల భాగాల్లో కొద్ది భాగాలున్నా చాలు, సిరామిక్ కింద ఏర్పడే అల్యూమినా పొర పట్టు సడలుతుంది. ఇక బయటి నుంచి వచ్చేవి. నాసిరకం ఇంధనంలోని వనేడియం యిట్రియాను హరిస్తుంది. యిట్రియా కోల్పోయిన జిర్కోనియా చల్లారేటప్పుడు స్ఫటికరూపం మారి, ఉబ్బి పగులుతుంది. విమాన ఇంజన్లకు బెడద ఇసుక, అగ్నిపర్వత బూడిద. సుమారు 1,200 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇవి కరిగి రంధ్రాల్లోకి ఇంకి, చల్లారాక బిగుసుకుంటాయి. దీనికి విరుగుడుగా వాడే మరో పూత పదార్థం గడోలినియం జిర్కోనేట్ ఈ ద్రవంతో చర్య జరిపి, అపటైట్ స్ఫటికాలతో దాని దారి మూసేస్తుంది. పగుళ్లను తట్టుకునే శక్తి మాత్రం తక్కువ, అందుకే దాని కింద జిర్కోనియా పొర వేస్తారు.