నారు, నీరు: కృష్ణా డెల్టాలో యువజనవికాసానికి ప్రారంభనిధులు

వ్యాససంగ్రహం
యువతలోని శక్తులను గుర్తించి పెంపొందించే కార్యక్రమాలపై పరిశోధనకు నేడు కొన్ని విద్యాసంస్థలు, పరిశోధన మండళ్లు నిధులు సమకూరుస్తున్నాయి. ఈ పద్ధతికి పేరు కొత్తదైనా, తొలి సొమ్ము కూర్చుకొని యువతకోసం ప్రయోగాలు చేసిన అనుభవం కృష్ణా డెల్టాకు శతాబ్దంకంటె పాతది. మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాల, విజయవాడ కేంద్రంగా సాగిన గ్రంథాలయోద్యమం ఇందుకు రెండు నిదర్శనాలు. నిధి ఎక్కడినుంచి వచ్చింది, ఏ షరతులతో వచ్చింది, అది అయిపోయాక ఏమి నిలిచింది అనే మూడు ప్రశ్నలతో వాటిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రారంభనిధి, యువజనవికాసం, ఆంధ్ర జాతీయ కళాశాల, గ్రంథాలయోద్యమం, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం
యువతను సమస్యల మూటగా కాక శక్తుల నిధిగా చూడాలన్నది సానుకూల యువవికాస సిద్ధాంతానికి మూలసూత్రం. అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త రిచర్డ్ లెర్నర్, ఆయన సహపరిశోధకులు సామర్థ్యం, ఆత్మవిశ్వాసం, అనుబంధం, శీలం, సహానుభూతి అనే ఐదు లక్షణాల ఆధారంగా ఈ వికాసాన్ని కొలిచారు. ఈ ఐదూ పెంపొందినప్పుడు సమాజానికి తోడ్పడే గుణం ఆరవదిగా వస్తుందని ప్రతిపాదించారు. 2014 నాటి భారత జాతీయ యువజన విధానం 15 నుంచి 29 ఏళ్ల మధ్యవారిని యువతగా నిర్వచించింది.

ఇటువంటి అంశంపై పెద్ద పరిశోధనకు ముందు చిన్న ప్రయత్నం అవసరం. దానికి ఇచ్చే సొమ్మే సీడ్ గ్రాంటు, అంటే ప్రారంభనిధి. “నారు పోసినవాడు నీరు పోయడా” అన్న సామెత దైవంమీద భరోసాతో పుట్టింది. సంస్థల చరిత్రలో మాత్రం నారు పోసే చేయి, నీరు పెట్టే చేయి తరచు వేరువేరుగా ఉంటాయి.

2. డెల్టా మిగులు, గ్రాంటు షరతులు
1855 నాటికి విజయవాడవద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయింది. కాలువల సేద్యం విస్తరించి, గ్రామాలలో విద్యకు, ధర్మకార్యాలకు ఖర్చుపెట్టగల మిగులు క్రమంగా ఏర్పడింది. మచిలీపట్నంలో అప్పటికే 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన మిషనరీ విద్యాలయం ఉంది. తర్వాతి కాలంలో రఘుపతి వెంకటరత్నం నాయుడు అక్కడ అధ్యాపకులుగా పనిచేశారు.

1854 నాటి ఉడ్ తాఖీదు ప్రైవేటు విద్యాలయాలకు ప్రభుత్వ సహాయధనాన్ని అనుమతించింది. అయితే తనిఖీకి ఒప్పుకోవాలి, స్థానిక నిర్వహణ సక్రమంగా ఉండాలి, లౌకికవిద్య తృప్తికరంగా సాగాలి, విద్యార్థులనుంచి ఎంతోకొంత రుసుము వసూలు చేయాలి. సహాయధనంతోపాటు అజమాయిషీ కూడా వస్తుందని ఆనాటి విద్యావంతులు గ్రహించడానికి ఇదే మూలం.

3. ఆంధ్ర జాతీయ కళాశాల: చందాలతో ఒక ప్రయోగం
వంగవిభజన వ్యతిరేకోద్యమంలో భాగంగా 1906లో కలకత్తాలో జాతీయ విద్యామండలి ఏర్పడింది. ప్రభుత్వ అదుపుకు వెలుపల, దేశీయుల నిర్వహణలో విద్య సాగాలన్నది దాని ఆశయం. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి, విజయవాడ, మచిలీపట్నాలలో చేసిన ఉపన్యాసాలు ఈ భావాన్ని ఆంధ్రదేశంలో నాటాయి. కోపల్లె హనుమంతరావు, కృష్ణాపత్రిక సంపాదకులు ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య పూనుకొనగా 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల ప్రారంభమైంది.

ఈ సంస్థకు మూలధనం ప్రజల విరాళమే. అందువల్లనే పాఠ్యక్రమంలో ప్రభుత్వ కళాశాలలకు లేని స్వేచ్ఛ లభించింది. సాధారణ విద్యతోపాటు చేతిపనులకు, కళలకు ఇక్కడ చోటు దక్కింది. వంగదేశంనుంచి వచ్చిన ప్రమోదకుమార్ చటర్జీ 1920లలో ఇక్కడ చిత్రకళ బోధించారు. ఆయనవద్ద శిక్షణ పొందిన అడివి బాపిరాజు 1930లలో ఇదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఈ సంస్థలో పనిచేసిన పింగళి వెంకయ్య 1921లో విజయవాడలో గాంధీజీకి పతాక నమూనాను సమర్పించారు.

స్వేచ్ఛకు మూల్యం కూడా ఉంది. జాతీయవిద్య పట్టా సర్కారు కొలువుకు దారి కాదు. కొడుకును అక్కడికి పంపే తండ్రి విరాళంకంటె పెద్ద త్యాగమే చేయవలసివచ్చేది. పైగా చందా ఏటేటా అడగవలసిన సొమ్ము. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెస్ సంఘం తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు పోగుచేయాలని, 20 లక్షల రాట్నాలు నడపాలని తీర్మానించింది. దేశభక్తుల దాతృత్వానికి ఇంకో పెద్ద పిలుపు తోడయింది. మరుసటి ఏడే హనుమంతరావు మరణించారు. ఒక వ్యక్తి అంకితభావం తొలినిధిని ఆకర్షించగలదు గాని, ఏటా వచ్చే ఆదాయానికి ప్రత్యామ్నాయం కాలేదని ఈ చరిత్ర సూచిస్తుంది.

4. గ్రంథాలయోద్యమం: చందానుంచి చట్టానికి
అదే కాలంలో, అదే డెల్టాలో మరో మార్గం కనిపిస్తుంది. 1911లో విజయవాడలో రామమోహన గ్రంథాలయం వెలసింది. 1914 ఏప్రిల్ 10న అక్కడ జరిగిన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభకు చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. అయ్యంకి వెంకటరమణయ్య కృషితో గ్రామగ్రంథాలయాలు ఒక సంఘంగా కూడాయి. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలపై పడవలో పుస్తకాలను పల్లెలకు చేర్చారు. ఆనకట్ట తెచ్చిన నీరు పొలానికే కాక పఠనానికీ పారింది.

ఇక్కడ ఒక్కొక్క గ్రంథాలయానికి కావలసిన తొలి సొమ్ము తక్కువ. ఒక గది, కొన్ని పుస్తకాలు, చదివి వినిపించే ఒక యువకుడు ఉంటే పని మొదలయ్యేది. చిన్న ప్రయత్నాలు అనేకచోట్ల ఫలించడంవల్ల ప్రభుత్వాన్ని అడగడానికి ఆధారం దొరికింది. 1948లో మద్రాసు పౌరగ్రంథాలయ చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయ చట్టం వచ్చాయి. ఆస్తిపన్నుతోపాటు వసూలయ్యే గ్రంథాలయ సుంకం చందాకు బదులు నిత్యాదాయమైంది. సుంకం బకాయిల సమస్య తర్వాత తలెత్తినా, హక్కుగా అడగగల ఆదాయమంటూ ఒకటి ఏర్పడింది.

5. నేటి దరఖాస్తుకు ఈ చరిత్ర ఉపయోగం
అధ్యాపకులకు పరిశోధన కోసం ఇచ్చే ప్రారంభనిధిని న్యాక్ తన మూల్యాంకనంలో లెక్కలోకి తీసుకుంది. 1969లో ఏర్పడిన భారత సామాజికశాస్త్ర పరిశోధన మండలి పరిశోధన ప్రాజెక్టులకు నిధులిస్తున్నది. కృష్ణా, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయాల పరిధిలోని పరిశోధకులు యువవికాసంపై దరఖాస్తు రాసేటప్పుడు పై అనుభవం మూడు విధాల ఉపకరిస్తుంది.

మొదటిది, ప్రశ్న చిన్నదై ఉండాలి. “డెల్టా యువత వికాసం” అన్నది ప్రారంభనిధికి మించిన భారం. ఒక మండలంలోని శాఖాగ్రంథాలయానికి వచ్చే యువతకు, రాని యువతకు అనుబంధంలోను, ఆత్మవిశ్వాసంలోను తేడా ఉందా అన్నది నిర్వహించదగిన ప్రశ్న. రెండవది, కొలమానం స్థానికం కావాలి. ఆంగ్ల ప్రశ్నావళిని తెలుగు చేసి, తిరిగి ఆంగ్లంలోకి మార్చి పోల్చి, కొద్దిమందిపై పరీక్షించడమే మొదటి విడత పని కావచ్చు. 18 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల సమ్మతి, నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. ఈ పనులకయ్యే ఖర్చు బడ్జెట్‌లో విడిగా కనబడాలి. మూడవది, నిధి ముగిశాక ఏమవుతుందో మొదటి పుటలోనే చెప్పాలి. సేకరించిన సమాచారం ఎవరివద్ద ఉంటుంది, ఏ సంస్థ కొనసాగిస్తుంది, తదుపరి నిధికి ఏ ఫలితం ఆధారమవుతుంది అన్న వివరాలు లేని దరఖాస్తు, నీటి వసతి చూడకుండా నారు పోయడంవంటిది.

జాతీయ కళాశాల చరిత్రలో పతాకకర్త, చిత్రకారుడు, ప్రిన్సిపాల్ ప్రముఖంగా కనిపిస్తారు. ప్రసిద్ధులు కాని విద్యార్థుల జీవితాలు ఏ మలుపు తిరిగాయన్నదే యువవికాస పరిశోధనకు అసలైన ప్రశ్న. నేటి కార్యక్రమాలలో చేరే ప్రతి యువకుడి, యువతి అనుభవాన్ని మొదటి రోజునుంచే నమోదు చేస్తే ఆ లోపం పునరావృతం కాదు.

6. ముగింపు
ప్రజల చందా ఆంధ్ర జాతీయ కళాశాలకు ధైర్యాన్నిచ్చింది, స్థిరత్వాన్ని ఇవ్వలేకపోయింది. గ్రంథాలయోద్యమం చిన్న ప్రయత్నాల ఫలితాన్ని ఆధారంగా చూపి చట్టబద్ధమైన ఆదాయాన్ని సాధించింది. ప్రారంభనిధి విలువను దాని మొత్తాన్నిబట్టి కాక, దానితో సమకూరిన ఆధారాన్నిబట్టి అంచనా వేయాలని ఈ రెండు చరిత్రలు తెలియజేస్తున్నాయి.