నమూనాలతో కంప్యూటర్ వ్యవస్థల నిర్వహణ: ఆంధ్రప్రదేశ్ అనుభవం

వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు శాఖల చేతుల్లో ఉంటూ ఒకే పనికి తోడ్పడే కంప్యూటర్లను, నెట్‌వర్కులను, డేటాబేసులను ఒక లిఖిత వర్ణన ఆధారంగా నడిపించే విధానాన్ని నమూనా ఆధారిత నిర్వహణ అంటారు. ఏ భాగం ఏమిటి, ఏది దేనిమీద ఆధారపడింది, ఎలా ఉండాలి, ఇప్పుడు ఎలా ఉంది అన్న నాలుగు సంగతులు ఆ వర్ణనలో ఉంటాయి. తెలుగునాట దీన్ని ప్రభుత్వ యంత్రాంగం మొత్తానికీ వర్తింపజేయడానికి జరిగిన పెద్ద ప్రయత్నం ఈ-ప్రగతి. దాని సాధకబాధకాలు వెలగపూడి సచివాలయంలో కంటే, కర్ణాటక సరిహద్దున ఉన్న కర్నూలు జిల్లా ఆలూరు వంటి మండల కేంద్రాల్లో తేటగా తెలుస్తాయి.

పుట్టుక

ఈ విధానానికి రెండు పాయలున్నాయి. మొదటిది యంత్రాలకు సంబంధించినది. నెట్‌వర్కు పరికరాల స్థితిగతులను దూరం నుంచి తెలుసుకునే ఎస్‌ఎన్‌ఎంపీ ప్రమాణం 1988లో వచ్చింది. 1991లో స్థిరపడిన దాని సమాచార పట్టిక ఎంఐబీ-2లో ప్రతి పోర్టుకూ రెండు విలువలు ఉంటాయి. నిర్వాహకుడు ఆ పోర్టును ఎలా ఉండమన్నాడో చెప్పేది అడ్మిన్ స్టేటస్. అది నిజంగా ఎలా ఉందో చెప్పేది ఆపర్ స్టేటస్. రెండూ ‘డౌన్’ అని ఉంటే ఎవరో కావాలనే ఆపారు, మనిషిని పంపనక్కర్లేదు. మొదటిది ‘అప్’, రెండోది ‘డౌన్’ అయితే ఎక్కడో తీగ తెగింది, లేదా అవతలి పరికరానికి కరెంటు పోయింది. ఇలా ఉద్దేశాన్నీ వాస్తవాన్నీ విడివిడిగా రాసుకోవడమే నేటి క్లౌడ్ నిర్వహణ దాకా నడిచి వచ్చిన మూలసూత్రం. 2014లో గూగుల్ విడుదల చేసిన కుబెర్నెటీస్‌లోనూ స్పెక్, స్టేటస్ అన్న పేర్లతో కనిపించేది ఈ జంటే. ఒకప్పుడు అజమాయిషీకి వచ్చిన రెవెన్యూ అధికారి అడంగల్‌లో (గ్రామ సాగు రికార్డులో) రాసిన పంటనూ పొలంలో ఉన్న పంటనూ సరిచూసినట్టే, కుబెర్నెటీస్ ఆ రెండు విలువలనూ నిరంతరం పోల్చి, తేడా వస్తే తానే సరిచేస్తుంది.

ఆద్యులెవరన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. 2001లో ఐబీఎం పరిశోధన విభాగాధిపతి పాల్ హార్న్ ‘ఆటానమిక్ కంప్యూటింగ్’ పిలుపునిచ్చారు. తన బాగోగులు తానే చూసుకునే వ్యవస్థలన్న ఆలోచనకు చాలామంది ఆ పిలుపునే మొదలుగా చూపుతారు. అయితే నార్వేలోని ఓస్లోలో మార్క్ బర్జెస్ 1993లోనే సీఎఫ్ఇంజిన్ రాశారు. కంప్యూటర్ ఏ స్థితిలో ఉండాలో రాసిస్తే, అది ఆ స్థితికి చేరేలా చూడటం ఆ సాఫ్ట్‌వేర్ పని. పేరు పెట్టిన ఘనత ఐబీఎందే అయినా, పని చేసి చూపిన ఘనత సీఎఫ్ఇంజిన్‌కు ఇవ్వడమే సబబుగా తోస్తుంది.

రెండో పాయ సంస్థలకు సంబంధించినది. జాన్ జాక్‌మన్ 1987లో ప్రచురించిన చట్రం, 1995లో తొలి రూపం దాల్చిన టోగాఫ్ దీనికి ఆధారాలు. ఒక సంస్థలోని పనులు, సమాచారం, సాఫ్ట్‌వేర్, యంత్రాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో గీసి చూపే ఈ పద్ధతి ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్‌గా పేరుపడింది. ఈ-ప్రగతి ఈ పాయకు చెందుతుంది.

ఈ-ప్రగతికి ముందు

ఉమ్మడి రాష్ట్రంలో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాలకు కంప్యూటర్లు తెచ్చిన ‘కార్డ్’ పథకం 1998లో మొదలైంది. 1999 చివర్లో హైదరాబాద్‌లో ‘ట్విన్స్’గా ప్రయోగించిన బిల్లుల చెల్లింపు కేంద్రాలు 2001లో ఈసేవ అయ్యాయి. 2011 నవంబరులో చిత్తూరు జిల్లా నుంచి మీసేవ ఆరంభమైంది. ఈసేవ చరిత్రను కొందరు 1999 నుంచి, కొందరు 2001 నుంచి లెక్కిస్తారు. ఆ పేరు పెట్టినది మాత్రం 2001లోనే.

ఇవన్నీ జనానికి మేలు చేసినవే. కానీ రిజిస్ట్రేషన్, రెవెన్యూ, పౌర సరఫరాలు, విద్యుత్తు ఎవరి డేటాబేసు వారిదే. ఒకే రైతు పేరు నాలుగు చోట్ల నాలుగు విధాలుగా ఉండేది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోవడంతో ఆ డేటాబేసులన్నింటినీ పంచుకోవాల్సి వచ్చింది. ఏది దేనితో ముడిపడి ఉందో రాసిపెట్టుకోవాల్సిన అవసరం అప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించింది.

ఈ-ప్రగతి

టోగాఫ్ చట్రంపై రూపొందిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్‌కే ఈ-ప్రగతి అని పేరు. పథకాన్ని 2015 నుంచి లెక్కించేవారు నిర్మాణ నమూనాను దృష్టిలో పెట్టుకుంటారు. సాఫ్ట్‌వేర్ వేదిక అమలును ప్రమాణంగా తీసుకునేవారు ఆ తర్వాతి సంవత్సరాలు చెబుతారు. నమూనాయే దీనికి ప్రాణం కాబట్టి 2015నే తీసుకోవడం మేలు. 33 శాఖలను, 315 అనుబంధ సంస్థలను, 700 పైచిలుకు సేవలను ఒకే చిత్రంలోకి తేవాలన్నది పథక పత్రాల్లో చెప్పుకున్న లక్ష్యం.

దీని నడుమ మూడు భాగాలున్నాయి. మనుషుల వివరాలకు పీపుల్ హబ్, భూముల వివరాలకు ల్యాండ్ హబ్, శాఖల మధ్య సమాచారం నడవడానికి ఈ-హైవే. ఏ శాఖా మరో శాఖ డేటాబేసులోకి నేరుగా చొరబడకుండా, కావలసింది ఈ-హైవే ద్వారా అడిగి తీసుకోవాలన్నది నియమం. వ్యవస్థలు పెరిగేకొద్దీ విడివిడి లంకెల చిక్కుముడి పెరుగుతుంది. పది వ్యవస్థలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవాలంటే 45 లంకెలు కావాలి, మధ్యలో ఒక కూడలి ఉంటే పది చాలు.

ఆలూరు నుంచి చూస్తే

ఖరీఫ్ మొదట్లో వేరుశనగ, పత్తి రైతులు పంట రుణం కోసం అడంగల్, వన్-బీ (భూ హక్కుల రికార్డు) నకళ్లకు గ్రామ సచివాలయానికి వస్తారు. ఆ ఒక్క కాగితం వెనుక గ్రామ సచివాలయంలోని డిజిటల్ అసిస్టెంట్ కంప్యూటర్, ఊరి ఇంటర్నెట్ లైను, సేవల పోర్టల్, రెవెన్యూ శాఖ వెబ్‌ల్యాండ్ డేటాబేసు, రుసుము కట్టించుకునే గేట్‌వే ఉంటాయి. వీటిలో ఏది ఆగినా రైతు చెవిన పడే మాట ఒకటే: ‘సర్వర్ డౌన్’. ఆధార సంబంధాల నమూనా చేతిలో ఉన్న నిర్వాహకుడికి ఆ మాట అయిదు ముక్కలవుతుంది. పక్క ఊరి సచివాలయం పనిచేస్తోందంటే లోపం స్థానిక కంప్యూటర్‌లోనో లైనులోనో ఉంది. జిల్లా అంతటా వెబ్‌ల్యాండ్ ఒక్కటే ఆగి మిగతా సేవలు నడుస్తుంటే తప్పు డేటాబేసు వైపుది. మళ్లీ ఎప్పుడు రమ్మనాలో రైతుకు నిజం చెప్పగలగడం ఆ తేడా తెలిసినప్పుడే కుదురుతుంది.

ఇక గుర్తింపు సంగతి. ఆలూరు పేరుతో నిజామాబాద్ జిల్లాలో ఒక ఊరుంది, కర్ణాటకలోని హాసన్ జిల్లాలో ఒక తాలూకా ఉంది. ఇంగ్లిషు లిపిలో ఈ పేరును మూడు రకాలుగా రాస్తారు. అందుకే కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ, మండలానికీ, జిల్లాకూ ఒక సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్యలకు ఆలూరుకు దగ్గరలోనే పరీక్ష ఎదురైంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆలూరు కర్నూలులోనే ఉండిపోగా, డోన్ కొత్త నంద్యాల జిల్లాకు వెళ్లింది. మండలం ఏ జిల్లాకు చెందుతుందన్నది విడి వరుసగా రాసుకున్న వ్యవస్థల్లో ఆ వరుస మారిస్తే సరిపోతుంది. జిల్లా పేరునే గుర్తింపు సంఖ్యలో ఇమిడ్చిన చోట పాత సంఖ్యలన్నీ అబద్ధమవుతాయి.

వాహన నంబర్లు ఇందుకు ఉదాహరణ. ఏపీ 21తో మొదలయ్యే వాహన నంబరు కర్నూలు జిల్లాకు గుర్తు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ రావడంతో కొత్త నంబర్లలో జిల్లా జాడ లేకుండా పోయింది. డోన్‌లో తిరిగే పాత ఏపీ 21 బండి ఇప్పుడు ఉండేది నంద్యాల జిల్లాలో. జిల్లా పేర్లూ నిలకడగా ఉండవు: కడప అధికారిక నామం 2010లో వైఎస్సార్ జిల్లాగా, 2025లో వైఎస్సార్ కడపగా మారింది. రాష్ట్రం సంఖ్య విషయంలోనూ చిక్కు ఉంది. జనగణన పట్టికలో ఆంధ్రప్రదేశ్ 28, జీఎస్టీలో 37. రెండు వ్యవస్థలను కలిపేవారు ఈ జంటను ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోక తప్పదు.

భూధార్ ఈ విషయంలో మెలకువగా కట్టిన నమూనా. 2018లో వ్యవసాయ భూములకు ఇచ్చిన ఈ 11 అంకెల సంఖ్యల్లో, రికార్డు ఆధారంగా మాత్రమే ఇచ్చిన తాత్కాలిక సంఖ్య 99తో మొదలవుతుంది. కొలతలు, హద్దుల అక్షాంశ రేఖాంశాలు తేలాక ఇచ్చే శాశ్వత సంఖ్యకు మొదట 28 వస్తుంది. అంటే తనకు కాగితం మీద తెలిసిందేదో, నేల మీద నిర్ధారణ అయ్యిందేదో నమూనా తానే చెబుతుంది. తర్వాత కేంద్రం తెచ్చిన 14 అంకెల యూఎల్‌పిన్ నేరుగా భూఖండం అక్షాంశ రేఖాంశాల నుంచే పుడుతుంది. రాష్ట్రంలో 2020 డిసెంబరులో డ్రోన్లతో మొదలైన రీసర్వే ఆ కొలతలకు దారి వేసింది.

తీగల చిత్రం

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్‌ను భూమిలో పాతిపెట్టకుండా విద్యుత్ స్తంభాల మీదుగా లాగారు. ఖర్చు, సమయం కలిసొచ్చాయి. దాంతోపాటు ఒక కొత్త ఆధార సంబంధం కూడా వచ్చి చేరింది: గాలివానకు స్తంభం ఒరిగితే కరెంటూ ఇంటర్నెట్టూ రెండూ పోతాయి. విశాఖపట్నంలోని నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లో కూర్చున్నవారికి ఫైబర్ చిత్రం ఒక్కటే చాలదు, అది ఏ స్తంభాల వరుస మీద, ఏ సబ్‌స్టేషన్ పరిధిలో పోతోందో కూడా కావాలి.

తర్వాతి దశ

2019లో ప్రభుత్వం మారాక ఈ-ప్రగతి పేరు పెద్దగా వినిపించలేదు. అదే ఏడాది అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. వాటి సేవల కోసం 2022 జనవరిలో ఏపీ సేవ పోర్టల్‌ను ఆరంభించారు. ఈ-ప్రగతి విఫలమైందని కొందరి మాట. దాని సూత్రాలు జాతీయ స్థాయికి చేరాయని మరికొందరి మాట. 2018లో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ వెలువరించిన ఇండియా ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ చట్రానికి సారథ్యం వహించిన జె. సత్యనారాయణ, ఉమ్మడి రాష్ట్రంలో కార్డ్ పథకానికీ తర్వాత ఈ-ప్రగతికీ రూపకర్తగా పేరున్న అధికారి. ఆ లెక్కన రెండో అభిప్రాయానికే ఆధారం ఎక్కువ. మహాచిత్రం మొత్తం అమలు కాకపోయినా, ఊరికీ భూమికీ మనిషికీ ఉమ్మడి సంఖ్య ఉండాలన్న భాగం ప్రభుత్వాలు మారినా పోలేదు.

2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ పాలన ఆ పునాది మీదే నిలబడింది. ఆలూరు రైతు ఇప్పుడు ఫోన్‌లోనే దరఖాస్తు పంపవచ్చు. ఆ సందేశానికి బదులివ్వాల్సింది మాత్రం వెనకున్న శాఖల డేటాబేసులే.