లెమెకు లెక్క, షావుకారు లెక్క: శ్రీకాకుళ చరిత్రపై ఒక పరిశీలన

ఆదికాండము 4వ అధ్యాయంలో "ఏడంతలు" అన్నది కయీను ప్రాణాన్ని కాపాడటానికి దేవుడు వేసిన కంచె. అయిదు తరాల తర్వాత లెమెకు దానిని డెబ్బది ఏడంతల పగగా మార్చుకున్నాడు. పగ తనను తానే పెంచుకుంటుంది. ఇందుకు మన జిల్లా చరిత్రే సాక్ష్యం.

పలాస నుండి సుమ్మాదేవి, మందస మీదుగా సాగే రైలుమార్గానికి తూర్పున ఉద్దానం, పడమట కొండలు. ఆ ఏజెన్సీ కొండల్లో మొదట తిరిగినది అప్పు చక్రం. జాతాపు, సవర కుటుంబాలు తిండిగింజలకు షావుకారును ఆశ్రయించేవి. తీర్చలేక భూమి వదులుకునేవి. భూమి పోయాక మళ్లీ అప్పే గతి. 1917 నాటి ఏజెన్సీ చట్టం వడ్డీ ఏడాదికి నూటికి 24 మించరాదనీ, మొత్తం వడ్డీ అసలును దాటరాదనీ శాసించింది. అయినా భూములు పోతూనే వచ్చాయి.

ఉపాధ్యాయుడు వెంపటాపు సత్యం నాయకత్వంలో గిరిజన సంఘం కూలి కోసం, భూమి కోసం నిలబడింది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద మహాసభకు వెళుతున్న కోరన్న, మంగన్న భూస్వాముల పక్షం కాల్పుల్లో మరణించారు. 1968లో కోర్టు నిందితులను విడిచిపెట్టింది. న్యాయద్వారం మూసుకుపోయిందని భావించినవారు ఆయుధాలు పట్టారు. అదే ఏడాది నవంబరు 25న పెదగొట్టిలిలో భూస్వామి ఇంటిపై దాడి జరిగింది.

ఇక రెండవ చక్రం మొదలైంది. హత్యలు పోలీసు బలగాలను రప్పించాయి; ఎన్‌కౌంటర్లు మరిన్ని హత్యలకు కారణమయ్యాయి. ఉద్దానంలోని బొడ్డపాడుకు చెందిన పంచాది కృష్ణమూర్తి 1969 మే 27న, వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జూలై 10న పోలీసుల చేతిలో మరణించారు. ప్రతి పక్షానికీ చూపడానికి ఎదుటివారి చివరి దెబ్బ ఉంది. ఆపే చెయ్యి మాత్రం లేదు.

1970 ఫిబ్రవరిలో అమలైన 1/70 నిబంధన షెడ్యూల్డు ప్రాంతాల భూమి గిరిజనేతరులకు బదలాయింపు కాకుండా నిషేధించింది. మొదటి చక్రాన్ని ఆపే ఆ ప్రయత్నం రక్తం ప్రవహించాక వచ్చింది.

మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు పేతురుకిచ్చిన జవాబు లెమెకు లెక్కను తలక్రిందులు చేస్తుంది. ఆ వెంటనే ఆయన చెప్పిన ఉపమానం అప్పును గురించినదే కావడం గమనార్హం. అందులో మొదట క్షమించేది అప్పు రావలసిన రాజే. క్షమాపణను బాధితులకే బోధించి, లెక్కల పుస్తకం చేతిలో ఉన్నవారి యెదుట మౌనంగా ఉండే సేవకుడు ఉపమానంలో సగమే చదివినవాడు. కాపరి మొదట వెళ్లవలసినది తుపాకీ పేలిన చోటికి కాదు, వడ్డీ కట్టే గుమ్మానికి.